కాగితపు నౌకలు – ఆదివారపు యుద్ధాలు

ఈ వ్యాసాన్ని మేమిద్దరమూ, అనగా భార్యాభర్తలము, కలిసి వ్రాస్తున్నాము. మాలో ఒకరు మన సంస్థలో ఉద్యోగి, మరొకరు ఆ ఉద్యోగి బదిలీలన్నింటికీ సామాను సర్దిన వ్యక్తి. ఇక్కడ ‘మేము’ అన్నచోటల్లా ఇద్దరి మాటగానే పాఠకులు గ్రహించగలరు. అభిప్రాయభేదమున్న చోట్ల ఆ సంగతి దాచలేదు.

విశాఖపట్నం నుండి సూరత్‌కు బదిలీ అయినప్పుడు, ఇదీ సముద్రానికి దగ్గరి ఊరే కదా అని సంతోషించాము. తీరా వచ్చి చూస్తే సముద్రం పడమట, హజీరా వైపున ఉన్నది. మాకు దొరికిన ఇల్లు నగరానికి తూర్పున, కడోదరా వెళ్లే దారిలోని పర్వత్ పాటియాలో. ఇక్కడ కెరటాలు లేవు, చీరల కట్టలు మోసే టెంపోలు ఉన్నాయి. అయితే ఒక మేలు జరిగింది. పర్వత్ పాటియా, లింబాయత్, ఉధనా ప్రాంతాలలో మగ్గాల పనికై తెలంగాణ నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా భవనంలోనే క్రింది అంతస్తులో ఒక తాత, ఆయన మనుమరాలు ఉంటారు. తాత జీవితమంతా సాంచెల మీద గడిపినవాడు. పై అంతస్తులో రాజస్థానీ వస్త్ర వ్యాపారి కుటుంబం. ఆ ఇంటి పిల్లవాడు, ఈ అమ్మాయి, మా ఇద్దరు కుమారులు కలిసి ఆదివారం మధ్యాహ్నాలలో మా భోజనాల బల్లను ఆక్రమించుకుంటారు. ఆ బల్ల మీద వారు చేసేది వ్యోమనౌకల నిర్మాణం, ఆపైన యుద్ధం.

ఇదేమి ఆట అని మన పాఠకులలో చాలామందికి సందేహం కలగవచ్చు. దీనిలో కంప్యూటర్ లేదు, టెలివిజన్ లేదు. నాలుగు నోటుపుస్తకాలు, పెన్సిళ్లు, రెండు పాచికలు చాలు. ప్రతి ఆటగాడు ఒక పాత్రను ధరిస్తాడు: ఒకరు నౌకాధిపతి, ఒకరు ఇంజనీరు, ఒకరు ఫిరంగి గురికాడు. కథ నడిపే సూత్రధారి వేరొకరు. యక్షగానంలో వలె ఎవరి పాత్ర మాటలు వారే అప్పటికప్పుడు పలుకుతారు. తేడా ఏమిటంటే, ఇక్కడ కథ ముగింపు సూత్రధారికి కూడా తెలియదు, పాచికలు చెప్పాలి. మా ఇంట సూత్రధారి ఒకరు, శత్రుపక్ష నౌకాధిపతి మరొకరు. శత్రుపక్షమే ఎక్కువసార్లు గెలుస్తున్నదన్న విషయం మాత్రమే ఇక్కడ చెప్పి, ఎవరు ఏ పక్షమో పాఠకుల ఊహకు విడిచిపెడుతున్నాము.

మా పిల్లలు వాడే నియమాలకు మూలం ‘ట్రావెలర్’ అనే ఆట. అమెరికాలోని గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అనే సంస్థ దానిని 1977లో ప్రచురించింది. మార్క్ మిల్లర్ దాని ప్రధాన రూపకర్త. అంతరిక్షం అనగానే రాజకుమారులు, మంత్రదండాల వంటి కాంతిఖడ్గాలు ఊహించుకున్న మాకు ఆ నియమావళి చదివాక నవ్వు ఆగలేదు. అది అచ్చంగా మన సర్వీసు నిబంధనల పుస్తకమే! అందులో ఒక పాత్ర నాలుగేళ్లకొక పర్యాయం చొప్పున ఉద్యోగం చేస్తుంది. ఐదు పర్యాయాలు, అనగా 20 ఏళ్లు, పూర్తి చేస్తేనే పింఛను. సొంత నౌక కొనదలిస్తే ధరలో 20 శాతం ముందుగా చెల్లించాలి. మిగిలిన దానికై నెలకు ధరలో 240వ వంతు చొప్పున 480 నెలలు, అంటే 40 ఏళ్లు కట్టాలి. లెక్క వేసి చూస్తే చివరకు అసలు ధరకు రెండింతల పైన మరొక 20 శాతం చెల్లించినట్లవుతుంది. గృహనిర్మాణ ఋణం తీసుకున్న ఏ ఉద్యోగికైనా ఆ నౌకాధిపతి మీద సానుభూతి కలుగక మానదు.

ఇక నౌక నిర్మాణం. ఆ ఆటలో నౌకకు కొలమానం టన్ను. ఇది బరువు కాదు, ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ ఆక్రమించే చోటు. అది సుమారు 14 ఘనమీటర్లు. వెయ్యి టన్నుల నౌకను ఉదాహరణగా తీసుకుందాము. నక్షత్రం నుండి నక్షత్రానికి దూకడానికి దూకే దూరాన్ని బట్టి ఇంధనం కావాలి: ఒక్కొక్క మెట్టుకు నౌకలో పదోవంతు. రెండు మెట్లు దూకాలంటే 200 టన్నులు ఇంధనానికే పోతాయి. దూకే యంత్రానికి 30, చురుకుగా తిరిగే యంత్రానికి 110, విద్యుత్తుకు 40, దాని ఇంధనానికి మరొక 40, నౌకాధిపతి కూర్చునే వంతెనకు 20. అన్నీ కలిపితే 440 టన్నులు. మిగిలిన 560 టన్నులలోనే కవచం, ఆయుధాలు, మనుషులు, సామాను అన్నీ ఇమడాలి. అదే నౌక నాలుగు మెట్లు దూకాలంటే ఈ లెక్క 660కి పెరిగి, మిగిలేది 340 టన్నులే. దూరం వెళ్లగలిగిన నౌక బలహీనమైనది, బలమైన నౌక ఇల్లు కదలలేనిది. పిల్లలకు శాతాల లెక్కలు ఇంత శ్రద్ధగా ఏ మాస్టారూ నేర్పి ఉండరు.

ఇది కట్టుకథ కదా, నిజం వేరు కదా అని మా చిన్నవాడు అడిగాడు. నిజం ఇంతకంటె కఠినమైనది. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి చంద్రయాన్-3ను మోసుకుపోయిన ఎల్.వి.ఎం.3 రాకెట్టు బరువు సుమారు 640 టన్నులు. అది మోసిన చంద్రయాన్ బరువు 4 టన్నులకు లోపు, అనగా మొత్తంలో నూటికి ఒక వంతు కూడా కాదు. తక్కినదంతా దాదాపు ఇంధనమూ, దానిని పట్టి ఉంచే గొట్టాలూ. ఆ లెక్క విన్న తరువాత మా చిన్నవాడు తన నౌకలో ఈతకొలను ఉండాలనే కోరికను విరమించుకున్నాడు.

క్రింది ఇంటి అమ్మాయికి ఈ ఇచ్చిపుచ్చుకోళ్ల సూత్రం ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. సూరత్‌లో పెరిగిన పిల్ల కదా, జనవరి 14న ఉత్తరాయణ్ నాడు మేడ మీద గాలిపటాలతో నేర్చుకున్నది. పండుగకు ముందు ఇక్కడి వీధులలో దారాన్ని బారుగా కట్టి, రంగు, గాజుపొడి పూసి మాంజో తయారుచేయడం చూడవలసిన దృశ్యం. పూత దట్టమైతే ఎదుటి దారం తెగుతుంది, కాని బరువెక్కి గాలిపటం మందగిస్తుంది. పూత పలచనైతే గాలిపటం ఎగురుతుంది, కాని మొదటి రాపిడికే తెగుతుంది. “కవచం కూడా మాంజో లాంటిదే ఆంటీ” అని ఆ పిల్ల తేల్చి చెప్పింది. ఇంతకంటె చక్కని వివరణ మేము ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఒక్క నౌకతో యుద్ధం కాదు, దళం కావాలి. ఎన్ని పెద్దవి, ఎన్ని చిన్నవి? మా పిల్లలు మొదట చేసిన పని మహాభారతాన్ని ఆశ్రయించడం. మన పెద్దలు సేనను ఇష్టం వచ్చినట్లు కూర్చలేదు. ‘పత్తి’ అనేది అన్నిటికంటె చిన్న విభాగం: ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాలిబంట్లు. మూడు పత్తులు ఒక సేనాముఖం, మూడు సేనాముఖాలు ఒక గుల్మం. అలా మూడేసి రెట్లుగా గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని వరకు పెరిగి, పది అనీకినులు ఒక అక్షౌహిణి. దానిలో 21,870 రథాలు, అన్ని ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాలిబంట్లు. ఈ నిష్పత్తినే పిల్లలు నౌకలకు అన్వయించారు. రథం స్థానంలో సేనాపతి నౌక, ఏనుగు స్థానంలో సామాను మోసే భారీ నౌక, గుర్రాలకు బదులు మూడు వేగపు నౌకలు, కాలిబంట్లకు బదులు ఐదు చిన్న పోరుపడవలు. మొత్తం పది నౌకల పత్తి. చూడడానికి ముచ్చటగా ఉన్నది. శత్రుపక్షం దానిని రెండు ఆదివారాలలో చిత్తు చేసింది.

ఎందుకు ఓడారో తెలుసుకోవడానికి మా పెద్దవాడు గ్రంథాలయం పుస్తకాలు తిరగవేసి, లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1916లో ప్రకటించిన సూత్రం పట్టుకొచ్చాడు. గురిచూసి కొట్టుకునే యుద్ధంలో దళం బలం సంఖ్యకు కాక, సంఖ్య యొక్క వర్గానికి అనులోమంగా ఉంటుందని ఆయన చెప్పాడు. సమాన శక్తి గల 10 నౌకలు 5 నౌకలతో తలపడితే, 5 నౌకలూ పోయేసరికి ఇటు 5 మిగులుతాయని మనం అనుకుంటాము. కాని నూరులోంచి ఇరవై ఐదు తీసివేస్తే 75, దాని వర్గమూలం సుమారు 8.7. అనగా దాదాపు తొమ్మిది మిగులుతాయి! కాబట్టి దళాన్ని ముక్కలు చేసి పంపేవాడు ముందే ఓడినట్లు. మన పులిజూదం ఆడినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. మూడు పులులు, పదిహేను మేకలు. మేక పులిని చంపలేదు. అయినా మేకలన్నీ ఒక్క కట్టుగా కదిలితే పులికి అడుగు వేసే చోటుండదు. చిన్నతనంలో గుడి అరుగుల మీద బొగ్గుతో గీసుకుని ఆడిన ఆ ఆటలో ఇంత యుద్ధశాస్త్రం ఉన్నదని అప్పుడు మాకు తట్టలేదు.

చరిత్ర కూడా ఈ ఊరి పక్కనే ఉన్నది. హజీరాకు సమీపంలోని సువాలీ తీరాన 1612 చివరలో థామస్ బెస్ట్ అనే కప్తాను రెండు ఆంగ్ల నౌకలతో నాలుగు పోర్చుగీసు గాలియన్లను, వాటి వెంట వచ్చిన అనేక చిన్న పడవలను ఎదుర్కొని నిలిచాడు. ఎత్తైన ఆ గాలియన్లు కొన్ని ఇసుకమేటలలో చిక్కుకున్నాయి. నౌక బాగున్నదా అన్నది సగం ప్రశ్న, అది ఏ నీటిలో పోరాడాలన్నది మిగిలిన సగం. ఆ తరువాతనే ఆంగ్లేయుల కంపెనీకి సూరత్‌లో కాలూనే వీలు దొరికింది. అటు తరువాతి కథ మనందరికీ తెలిసినదే.

విశాఖవాసులకు మరింత దగ్గరి ఉదాహరణ 1971 డిసెంబరు 4 రాత్రిది. ఏటా ఆ తేదీన నౌకాదళ దినోత్సవాన్ని బీచిలో నిలబడి చూసిన మాకు దాని వెనుక ఉన్న రూపకల్పనా సాహసం ఈ ఆట వల్లనే అర్థమైనది. నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు క్షిపణి పడవలు ఒక్కొక్కటి 250 టన్నుల లోపువి, ఒక్కొక్కదానిలో నాలుగు క్షిపణులు. తీరరక్షణకై చేసిన పడవలవి, దూరం పోలేవు. వాటిని పెద్ద నౌకల తోడుతో, ఇంధనం మోసే నౌక వెంట రాగా కరాచీ దాకా తీసుకుపోయారు. నిర్ఘాత్ ప్రయోగించిన క్షిపణులకు రెండు వేల టన్నులు పైబడిన ఖైబర్ అనే విధ్వంసక నౌక మునిగిపోయింది. దూకే ఇంధనాన్ని పెద్ద నౌకకు అప్పగించి, చిన్న నౌకలను కేవలం ఆయుధంగా తయారుచేయడమన్నమాట. ఈ కథ విన్న మరుసటి ఆదివారం మా పిల్లల ‘ఏనుగు’ నౌక తన కడుపులో ఎనిమిది పోరుపడవలను మోసుకొచ్చింది. శత్రుపక్షం మొదటిసారి ఓడింది.

ఇంతవరకు అంతా వేడుకగానే ఉన్నది. ఇక లెనాట్ సంగతికి వస్తాము.

ట్రావెలర్ ఆటలో దళాల రూపకల్పనకే ప్రత్యేకమైన పోటీ ఒకటి ఉండేది. ఒక్కొక్క పోటీదారుకు లక్ష కోట్ల క్రెడిట్ల కాల్పనిక ధనం ఇస్తారు. దానితో దళం నిర్మించుకుని ఇతరులతో తలపడాలి. 1981లో అమెరికాలో జరిగిన జాతీయ పోటీకి డగ్లస్ లెనాట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త వచ్చాడు. ఆయన అంతకు ముందు ఆ ఆట ఆడినవాడే కాదు. యూరిస్కో అనే తన ప్రోగ్రామునకు ఆ నియమాలన్నీ నేర్పి, రాత్రులు దానిచేత తనతో తానే వేలాది యుద్ధాలు చేయించాడు. ఉదయం వచ్చి ఫలితాలు చూసి సరిదిద్దేవాడు. ఇతరులు కొద్ది సంఖ్యలో మహానౌకలతో రాగా, ఆయన దళంలో 96 నౌకలు ఉన్నాయి. వాటిలో అధికభాగం నెమ్మదివి, దట్టమైన కవచం, లెక్కకు మిక్కిలి చిన్న ఆయుధాలు గలవి. చూసినవారు నవ్వారు. ఆయన గెలిచాడు. మరుసటి ఏడు నిర్వాహకులు నియమాలు మార్చి దళం చురుకుదనానికి ప్రాధాన్యమిచ్చారు. యూరిస్కో దానికీ ఉపాయం కనిపెట్టింది. దెబ్బతిని కదలలేని నౌక దళమంతటినీ మందగింపజేస్తుంది, కాబట్టి దానిని మనమే ముంచివేద్దాము. 1982లోనూ ఆయనే గెలిచాడు. మళ్లీ వస్తే పోటీనే ఎత్తివేస్తామన్న ధోరణి నిర్వాహకులలో కనిపించగా తానే తప్పుకున్నాడు. విజయంలో తన వంతు 60 పాళ్లు, యంత్రం వంతు 40 పాళ్లని నిజాయితీగా చెప్పుకున్న ఆ శాస్త్రజ్ఞుడు 2023లో మరణించాడు.

ఆయనను తప్పుపట్టడానికి మాకు కారణం కనిపించదు. ఆ పోటీలోని నౌకలు అంకెలు. నియమాల కాగితం మీద టన్నులకు గడి ఉన్నది, ధరకు గడి ఉన్నది. లోపల ఉన్నవారి ప్రాణాలకు విలువ కట్టే గడి లేదు. ఉన్న గడులన్నిటినీ యంత్రం చక్కగా నింపింది. కాని మా బల్ల మీద ఆట పోటీ కాదు, పాత్రలాట. ప్రతి నౌకలోనూ ఎవరో ఒకరి పాత్ర ఉంటుంది.

మా పెద్దవాడు ఈ కథ చదివిన వారమే దానిని ప్రయోగించాడు. శత్రువుల మధ్య నుండి పది నౌకల దళం వెనుకకు తగ్గుతున్నది. రెండు నౌకల యంత్రాలు దెబ్బతిన్నాయి. వాడు తడుముకోలేదు. ఆ రెంటినీ తన ఫిరంగులతోనే పేల్చివేయమని ఆజ్ఞ ఇచ్చాడు. మిగిలిన ఎనిమిది నౌకలూ క్షేమంగా తప్పించుకున్నాయి. యుద్ధనీతి దృష్టితో చూస్తే ఆ ఎత్తు నిర్దుష్టమే, శత్రుపక్షం కూడా మెచ్చుకున్నది. క్రింది ఇంటి అమ్మాయి మాత్రం పెన్సిలు క్రింద పెట్టింది.

“అన్నా, నేను అందులోనే ఉన్న గదా” అన్నది. ఆ అమ్మాయి పాత్ర మునిగిన నౌకల్లో ఒకదానికి ఇంజనీరు. ఏడాదిగా ఆ పాత్రను పెంచుకుంటూ వచ్చింది. మా వాడు, “అవును. కొత్త పాత్ర తయారు చేసుకో, సాయం చేస్తాను” అన్నాడు. మాటలో కటువుదనం లేదు, అదే మమ్మల్ని ఎక్కువగా కలవరపరచింది. ఆ పిల్ల పుస్తకం మూసి మెట్లు దిగి వెళ్లిపోయింది. మూడు ఆదివారాలు రాలేదు.

నాలుగవ ఆదివారం తాత పైకి వచ్చాడు. “సారూ, మా పిల్ల ఆటకు వస్తలేదు, ఏమైంది?” అని అడిగాడు. మా వాడే జరిగినదంతా కాగితాలు చూపి వివరించాడు. తాత శ్రద్ధగా విన్నాడు, మధ్యలో ఒక్కమాట అనలేదు. చివరికి అడిగాడు: “గా ఓడల ఎంతమంది ఉంటరు బిడ్డా?”

“ఇరవై మంది తాతా.”

“ఆళ్లకు తెల్సా, ముంచుతరని?”

మా వాడి వద్ద జవాబు లేదు. నియమావళిలోనూ లేదు.

అప్పుడు తాత 2006 ఆగస్టు సంగతి చెప్పాడు. ఉకాయి ఆనకట్ట నుండి వదిలిన నీటితో తాపీ పొంగి సూరత్ నగరంలో చాలాభాగం మునిగిన నాటి మాట. అప్పుడాయన నదికి దగ్గరలో ఒక సాంచెల కార్ఖానాలో పనిచేసేవాడు. పైకప్పు మీదికి చేరి మరికొందరితో రెండు రాత్రులు గడిపాడు. పడవ వచ్చింది, నిండింది, వెళ్లింది. “మల్ల వస్తం అన్నరు. ఆ మాట మీదనే ఉన్నం సారూ. తిండి లేదు, నీళ్లు లేవు. గా మాట ఉన్నది.” పడవ మళ్లీ వచ్చింది. ఇంతే చెప్పి, టీ త్రాగి, మనుమరాలిని పంపుతానని దిగి వెళ్లాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. మా పెద్దవాడు నౌకాదళంలో చేరాలని ఎన్.డి.ఏ. పరీక్షకు సిద్ధమవుతున్నాడు. మా ఇద్దరిలో ఒకరికి అది గర్వకారణం, మరొకరికి నిద్రలేమి. వాడు అంత తేలికగా నౌకను ముంచడం చూసిన రాత్రి, గర్వించినవారికి కూడా నిద్ర పట్టలేదు. వాడికి ప్రమాదం జరుగుతుందేమోనన్నది పాత భయం. వాడి ఆజ్ఞకు కట్టుబడి ఎవరి పిల్లలుంటారో అన్నది క్రొత్తది.

వాడితో వాదించలేదు. సెలవులలో దీవ్ వెళ్దామని మేమే ప్రతిపాదించాము. 2020 నవంబరులో ఆరంభమైన ఓడ ఎక్కి హజీరా నుండి ఘోఘాకు ఖంభాత్ సింధుశాఖ దాటాము. ఓడలో మా వాడు ప్రాణరక్షక పడవలు ఎన్నో, ఒక్కొక్కదానిలో ఎందరు పడతారో వ్రాసిపెట్టిన పలకలు చదివి పుస్తకంలో ఎక్కించుకున్నాడు. అక్కడి నుండి రోడ్డు మార్గాన దీవ్ చేరాము. సముద్రానికి ఎదురుగా ఖుక్రీ స్మారకం ఉన్నది. గాజు గదిలో నౌక నమూనా. 1971 డిసెంబరు 9 రాత్రి దీవ్ తీరానికి దూరాన పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ప్రయోగించిన టార్పెడోకు ఖుక్రీ కొద్ది నిమిషాలలో మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. కప్తాన్ మహేంద్రనాథ్ ముల్లా తన ప్రాణరక్షక కవచాన్ని ఒక నావికునికి ఇచ్చి, తాను నౌకతోనే ఉండిపోయాడు. మరణానంతరం ఆయనకు మహావీరచక్ర ప్రకటించారు.

విశాఖలో నౌకలను చూస్తూ పెరిగినవాడు కనుక నమూనాను చూడగానే ఫిరంగులు, రాడార్లు గుర్తుపడతాడని అనుకున్నాము. వాడు చాలాసేపు నౌక ప్రక్క భాగంలోని పడవలనే చూస్తూ నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. మేమూ ఏమీ చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం, “అమ్మా, ఆయన వెళ్లిపోయినా ఎవరూ తప్పనేవారు కాదు కదా?” అన్నాడు. కాదని ఇద్దరమూ ఒకేసారి అన్నాము.

ఇంటికి వచ్చిన తరువాత పిల్లలు తమ నియమావళికి ఒక అనుబంధం వ్రాసుకున్నారు. ముసాయిదా క్రింది ఇంటి అమ్మాయిది, ఆ భాష మన కార్యాలయ సర్క్యులర్లకు ఏమాత్రం తీసిపోదు. దెబ్బతిన్న నౌకను విడిచిపెట్టవచ్చు. కాని లోపలివారిని తెచ్చుకోవడానికి పడవలు వెళ్లి రావాలి. పోకకు ఒక వంతు, రాకకు ఒక వంతు పడుతుంది. అంతవరకు దళం ఆగాలి, లేదా కనీసం ఒక నౌక ఆగాలి. ఏ నౌక ఆగుతుందో ఆ నౌకలోని పాత్రధారులే చెప్పాలి, సేనాపతి చెప్పరాదు. తిరిగి వస్తామన్న మాట ఇచ్చిన పడవ రాకపోతే ఆ దళం తరువాతి యుద్ధంలో పాచికల మీద రెండు తక్కువ లెక్కించుకోవాలి. “ఎందుకు రెండు?” అని పైయింటి పిల్లవాడు బేరమాడాడు. “మల్ల నమ్మరు గనుక” అన్నది అమ్మాయి. బేరం ముగిసింది.

నియమం వ్రాయడం తేలిక, దానికి చోటు వెదకడం కష్టం. ప్రాణరక్షక పడవ ఒక్కొక్కటి 20 టన్నులు. వెయ్యి టన్నుల నౌకకు రెండు కావాలంటే 40 టన్నులు ఎక్కడో కోయాలి. ఇరవై మందికి గది ఒక్కొక్కటి నాలుగు టన్నుల చొప్పున 80 టన్నులు ఉండేది. లోగడ మా పెద్దవాడు గదికి ఇద్దరి చొప్పున సర్ది 40 టన్నులు మిగిల్చి, ఆ చోట క్షిపణులు పెట్టాడు. ఇప్పుడు ఆ క్షిపణులు తీసివేసి పడవలు పెట్టాడు. గదులు మాత్రం ఇరుకుగానే ఉంచాడు. “నౌకలో అలాగే ఉంటారు” అని మాకే పాఠం చెప్పాడు. అంత ఇరుకులో ఎలా పడుకుంటావురా అని మాలో ఒకరు అడిగారు. ఎవరు అడిగారో పాఠకులు సులభంగానే గ్రహించగలరు.

ఫలితం ఎలా ఉన్నదని అడిగితే, అంత గొప్పగా లేదు. క్షిపణులు తగ్గిన దళం తరువాతి మూడు యుద్ధాలలో రెండు ఓడింది. లాంచెస్టర్ లెక్కకు దయాదాక్షిణ్యాలు లేవు. మూడవ దానిలో మాత్రం ఒక వింత జరిగింది. ఒక నౌక యంత్రం దెబ్బతినగా, ఆగడానికి మూడు నౌకల పాత్రధారులు ఒకేసారి చేయి ఎత్తారు. దళం చీలకుండా అక్కడే నిలిచింది. తరుముతున్న శత్రుపక్షం అది ఊహించక తన నౌకలను రెండు ముక్కలుగా పంపి ఉన్నది. తరువాత జరిగినదానిని శత్రుపక్షం తరఫున ఇక్కడ వ్రాయడానికి మాలో ఒకరు అంగీకరించడం లేదు.

2025 జనవరి 15న ‘సూరత్’ అనే పేరుతో ఒక విధ్వంసక నౌక మన నౌకాదళంలో చేరింది. ముంబయిలోని మజగాన్ డాక్ అనే ప్రభుత్వరంగ సంస్థ నిర్మించిన ఆ నౌక ‘విశాఖపట్నం’ తరగతికి చెందినది. మా ఊరి పేరు గల తరగతిలో, మేముంటున్న ఊరి పేరు గల నౌక! దాని చిత్రం మా వాడి బల్ల మీద గోడకు అంటించి ఉన్నది. నిద్రలేమి పూర్తిగా పోయిందని చెప్పలేము. దరఖాస్తు మీద ఏ ఫోటో అంటించాలన్న విషయంలో మాత్రం ఇద్దరమూ ఒక్కమాట మీదకు వచ్చాము.

ప్రస్తుతం పిల్లలు ఒక క్రొత్త నౌక గీస్తున్నారు. ఇది యుద్ధనౌక కాదు, దళం వెంట తిరుగుతూ మునిగేవారిని ఎత్తుకొచ్చేది. దానికి అమ్మాయి ఇంజనీరు. ఆయుధాలు రెండే. పేరు పెట్టమని తాతను అడిగారు. ఆయన చాలాసేపు ఆలోచించి తన ఊరి చెరువు పేరు చెప్పాడట. అది ఏమిటో మాకింకా చెప్పలేదు. శత్రుపక్షం ఈ ఇంట్లోనే ఉన్నది కాబట్టి యుద్ధం మొదలయ్యేదాకా చెప్పరాదని నలుగురూ తీర్మానించుకున్నారు.